పెద్దమ్మ చెవికి అందే వేణువు

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు నేత మిల్లులో పనిచేసింది. మిల్లు యజమాని పోయినప్పుడు పేపర్లో అరపేజీ రాశారు, ఆయన కట్టించిన గడియార స్తంభం ఫొటోతో సహా. పెద్దమ్మ మీద అర వాక్యం కూడా ఎవరూ రాయరు. అందుకే ఈ నాలుగు మాటలు నేను రాస్తున్నాను.

మా అమ్మ వేరే ఊళ్ళో పనిచేసేది. ఆరేళ్ళ వయసు నుంచి నేను పెద్దమ్మ దగ్గరే పెరిగాను. మిల్లులో నాలుగు మగ్గాలు ఆమె ఒక్కతే చూసుకునేది. ఆ మోతలో గొంతు పనికిరాదు. అక్కడి ఆడవాళ్ళు పెదాలతోనే మాట్లాడుకుంటారు, చప్పుడు లేకుండా, ప్రతి మాటకూ నోరంతా సాగదీసి. షెడ్డు ఆ చివర ఒకావిడ అత్తగారిని తిడితే ఈ చివర ఉన్నావిడ కడుపు పట్టుకుని నవ్వేది. ఆ అలవాటు పెద్దమ్మతో ఇంటికి కూడా వచ్చింది. బస్సులో ఎదురెదురు సీట్లలో కూర్చుని మేమిద్దరం తోటి ప్రయాణికుల మీద పెదాలతో చెప్పుకున్న కబుర్లు పైకి వినిపించి ఉంటే మమ్మల్ని ఎప్పుడో దింపేసేవారు.

చెవుల్లో పెట్టుకోవడానికి మిల్లువాళ్ళు మెత్తని బిరడాలు ఇచ్చారు. ఇచ్చినట్టు సంతకాలు కూడా తీసుకున్నారు. పెద్దమ్మ వాటికి కుట్టుసూదులు గుచ్చి పెట్టుకుంది. మగ్గం జబ్బును చెవితోనే పట్టాలి. దారాన్ని అటూ ఇటూ మోసే నాడె దెబ్బలో రవంత తేడా వచ్చిందంటే ఏదో తెగబోతోందని అర్థం. చెవులు మూసుకుంటే బట్ట పాడవుతుంది. బట్ట పాడైతే కూలి తెగుతుంది. ఆ సంగతి సంతకాలు తీసుకున్నవాళ్ళకు తెలియక కాదు.

పని మానేసిన రెండో నెలలో ఆమె నాతో అంది: "చెవిలో ఎవడో ఈల వేస్తున్నాడ్రా. వెధవ ఊపిరి కూడా తీసుకోడు."

డాక్టరు చూసి, వయసు కదా, అలవాటు చేసుకోమన్నాడు. అలవాటు చేసుకోమని చెప్పడానికి అంత చదువు ఎందుకో నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ మాత్రం ఆయనకు దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఆ వారమే మునిసిపల్ హాలు గోడ మీద ఒక కాగితం చూసింది. పెద్దవాళ్ళకు ప్రతి మంగళవారం టిన్ విజిల్ నేర్పుతారట, ఇంతకుముందు ఏమీ రాకపోయినా ఫరవాలేదట. టిన్ విజిల్ అంటే జానెడున్నర పొడవున్న రేకు గొట్టం, దానికి ఆరు చిల్లులు, పైన ప్లాస్టిక్ మూతి. పిల్లనగ్రోవిలా అడ్డంగా కాక నిలువుగా పట్టుకుని ఊదుతారు. పెద్దమ్మ లోపలికి వెళ్ళి పేరు రాయించుకుంది. నేర్పే పంతులమ్మ ఒక్కటే షరతు పెట్టిందట: "అందరూ డి శ్రుతిదే తెచ్చుకోవాలి. కలిసి ఊదాలి. శ్రుతి కలవనివాళ్ళని కూర్చోబెట్టుకోలేను, ఏమీ అనుకోవద్దు."

"ఈ వయసులో నీకిదేంటి పెద్దమ్మా" అన్నాను.

"నేను అడక్కుండానే ఒకటి మోగుతోంది కదా. నేను అడిగింది కూడా ఒకటి మోగితే నీకేం నొప్పి?"

శనివారం ఇద్దరం వాయిద్యాల దుకాణానికి వెళ్ళాం. సన్నటి కొట్టు. మూడు వైపులా అద్దాల బీరువాలు. దుకాణాయన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని హార్మోనియం మెట్లు ఊడదీస్తున్నాడు. పెద్దమ్మ వచ్చిన పని చెప్పగానే స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"మొదటిదానికి ఖరీదైనది వద్దమ్మా. ఇది చాలు. చిల్లులు వేలి కొసతో కాదు, మెత్తతో మూయాలి. గాలి పోకూడదు. ఊదడం కూడా మెల్లగా, వేడి టీ చల్లార్చుకున్నట్టు. పై వరస స్వరాలకు మాత్రం ఇంకొంచెం బలంగా."

పెద్దమ్మ ఊదింది. కింది స్వరాలు వణుకుతూ వచ్చాయి. ఆమె ముఖం వెలిగింది. ఇంకొంచెం బలంగా ఊదింది. సన్నటి స్వరం ఒకటి కొట్టంతా చీల్చుకుంటూ పోయింది. పెద్దమ్మ నోట్లోంచి గొట్టం తీసి దానివంక అనుమానంగా చూసింది.

"ఇది పైన మూగబోతోంది. ఇంకోటి ఇవ్వండి."

ఇత్తడిది ఇచ్చాడు. అదీ పైన పలకడం లేదంది. రంగు వేసినది ఇచ్చాడు. అల్యూమినియంది ఇచ్చాడు. ఒక్కోదాన్నీ వెనకటిదానికన్నా గట్టిగా ఊదింది. బీరువాల అద్దాలు గలగలమన్నాయి. గిటారు తీగలకోసం వచ్చిన అమ్మాయి చెవులు మూసుకుని బయటికి నడిచింది.

"అమ్మా, వీధి చివర కుక్కలు కూడా లేచి కూర్చుని ఉంటాయి" అన్నాడు దుకాణాయన.

"కొనేది కుక్కలు కాదుగా, నేను. నాకు వినిపించాలి."

"మీరు కొనడానికి వచ్చారా, నా కొట్టు మూయించడానికి వచ్చారా?"

"లోపమున్న సరుకు అంటగట్టకండి బాబూ. ముప్పై ఏళ్ళు సరుకులో లోపాలు పట్టే బతికాను."

ఆయన ముఖం మాడిపోయింది. నాకు అప్పుడు తెలిసింది, ఆ కొట్టులో లోపం ఎక్కడుందో. ఆమె ఆయన మాటలను వినడం లేదు. ఆయన పెదాలను చదువుతోంది. ఇన్నేళ్ళూ ఇంట్లో మమ్మల్నీ అలాగే చదువుతూ వచ్చింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బహుశా ఆమెకు కూడా. పక్క గదిలోంచి నేను పిలిస్తే పలకకపోయినప్పుడు నా మీద కోపమనుకునేవాణ్ణి. ఆ కోపానికి బదులుగా నేను రోజుల తరబడి ముభావంగా తిరిగిన సందర్భాలు లెక్కలేనన్ని.

ఎవరూ వినకుండా చెప్పే దారి నాకు ఒకటే వచ్చు. ఆమె ఎదురుగా నిలబడి పెదాలు మాత్రం కదిపాను.

"పెద్దమ్మా, లోపం వాటిలో లేదు. నాకు వినిపిస్తున్నాయి."

ఆమె చేతిలోని విజిల్ దించింది. తను కూడా పెదాలతోనే అడిగింది. "అన్నీనా?"

"అన్నీ."

"మొదటిది కూడానా?"

"మొదటిది కూడా."

పెద్దమ్మ నాలుగు విజిళ్ళనూ కొంగుతో తుడిచి బల్ల మీద వరసగా పేర్చింది. "అయ్యా, మీ సరుకు బాగుంది. నా చెవులే అరిగిపోయాయి. తెలియక నోరు జారాను, మనసులో పెట్టుకోకండి" అంది. గుమ్మం వైపు తిరిగింది. మంగళవారం క్లాసు ఇక లేనట్టేనని ఆమె వీపు చూస్తేనే తెలిసిపోయింది.

మామూలుగా నేను ఇలాంటివాళ్ళ దగ్గరినుంచి ఏమీ ఆశించను. దుకాణాయన మాత్రం బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం పని చేసేవారక్కా?"

"నేత. మగ్గాలు."

"కాసేపు గోడవైపు తిరిగి నిలబడండి. నేను ఒక్కో స్వరమే ఊదుతాను. వినిపిస్తే వేలెత్తండి. ఆగిపోయిన చోటు నాకు తెలియాలి."

పెద్దమ్మ బడిపిల్లలా గోడకు తిరిగింది. మొదటి స్వరానికి వేలు లేచింది. అలా ఒక్కొక్కటిగా ఏడింటికీ లేచింది. పై వరస మొదలయ్యాక ఒకసారి సందేహంగా సగం లేచి దిగిపోయింది. ఆ తర్వాత ఆయన ఎంత ఊదినా ఆమె చెయ్యి కదల్లేదు. ఆయన తర్వాతి స్వరం ఇంకా ఊదలేదేమోనని ఎదురుచూస్తూ ఆమె అలాగే నిలబడింది. నేను బయట రోడ్డు చూడసాగాను.

దుకాణాయన అడుగు సొరుగులోంచి మూరెడుకు మించి పొడవున్న గొట్టం ఒకటి తీశాడు.

"ఇదీ డి శ్రుతిదే. కాకపోతే ఒక స్థాయి కింద పలుకుతుంది. వేళ్ళు వేసే పద్ధతి అదే, మిగతావాళ్ళతో ఇంపుగా కలుస్తుంది. ఒక్కటే బాధ. కొత్తవాళ్ళకు దీన్ని నేనెప్పుడూ ఇవ్వను. చిల్లులు దూరదూరంగా ఉంటాయి, వేళ్ళు అందక వారానికే మూల పడేస్తారు. వంచకుండా చాపి, పరిచినట్టు పెట్టాలి."

"ఇలాగా?"

ఆయన ఆమె వేళ్ళవంక చూశాడు. కదిలే బట్ట మీద వేళ్ళు బల్లపరుపుగా పరిచి ముడులు వెతికిన చేతులవి. ఆరు చిల్లులూ ఒక్కసారికే మూతపడ్డాయి.

ఊదింది. బొంగురుగా, సగం గాలితో ఒక స్వరం వచ్చింది. ఒక్కో వేలూ లేపుకుంటూ ఏడో స్వరం దాకా పోయింది. అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, పై వరసలోకి ఎక్కింది. ఎవరి పెదాలైనా చదవొచ్చు గానీ తన పెదాలు తను చదువుకోలేదు కదా. ఆ స్వరం ఆమెకు నిజంగానే వినిపించింది. రెండుసార్లు ఎక్కి దిగింది. కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

ధర ఎక్కువే. కూరల బండ్లవాళ్ళు మా పెద్దమ్మను చూసి దారి మార్చుకుంటారు. అలాంటిది ఆమె మారుమాట లేకుండా ఇచ్చేసింది.

"బేరం ఆడతారనుకున్నాను" అన్నాడు దుకాణాయన.

"లోపముంటే ఆడేదాన్ని" అంది. విజిల్ సంచీలో పెట్టుకుని, "మీరు చేసింది చిన్న పని కాదు బాబూ" అంది.

ఆయన కళ్ళజోడు కిందికి లాక్కుని హార్మోనియం మెట్ల మీదకు వంగాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. నాకు లోకం మీద కోపాలు చాలా ఉన్నాయి. ఆ లెక్కలోంచి ఆ కొట్టును మినహాయించాను.

మంగళవారం నేను కూడా హాలుకు వెళ్ళి వెనక నిలబడ్డాను. పదకొండు మంది చేతుల్లో పదకొండు పొట్టి విజిళ్ళు. పెద్దమ్మ సంచీలోంచి తనది తీయగానే పక్కావిడ కుర్చీ కొంచెం జరుపుకుంది.

పంతులమ్మ కళ్ళు చిట్లించింది. "అది ఎవరిచ్చారండీ? మొదటిరోజే దాంతో కష్టం."

"డీయేనండీ. కలవకపోతే లేచి వెళ్ళిపోతాను."

అందరూ కలిసి ఊదారు. పదకొండు విజిళ్ళు పదకొండు దారుల్లో కీచుమన్నాయి. వాటి అడుగున ఒక స్వరం మాత్రం, గరుకుగానే, కదలకుండా నిలబడింది. పంతులమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది. పెద్దమ్మ సంచీ అందుకోబోయింది.

"మీరు కాదండీ, మీరు ఊదుతూనే ఉండండి" అంది పంతులమ్మ ఆమెకు ఎదురుగా వచ్చి. "మిగతావాళ్ళు ఈవిడ స్వరాన్ని పట్టుకుని రండి."

పెద్దమ్మ సంచీని కాలితో కుర్చీ కిందికి నెట్టి, వేళ్ళు పరిచింది.