వీపు మీద జిప్

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువైపోయి, ఉద్యోగం కోసం తిరగడం మొదలెట్టిన రోజులవి. నవంబర్లో పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లోని ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఛాతీకి గాలి తగలకుండా, వరంగల్‌లో బండి మీద వెళ్లేటప్పుడు చేసినట్టే జాకెట్ వెనకది ముందుకు తొడుక్కున్నాను. రూమ్మేట్ వీపు మీద జిప్ వేశాడు. పాత బైక్ మీద బయల్దేరాను.

చేరేసరికి వేళ్లు కొయ్యబారిపోయాయి. జిప్ అందలేదు. రిసెప్షన్‌లో ఒకావిడ ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నారు. సిగ్గు విడిచి, "ఆంటీ, కొంచెం జిప్ తీస్తారా?" అన్నాను. పగలబడి నవ్వుతూ తీశారు.

లోపల మేనేజర్ అడిగాడు: "కారుందా?"

"బైకుంది సర్."

"మంచు పడితే ఎలా వస్తావు?"

ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

జాకెట్ మళ్లీ తిరగేసి తొడుక్కుని, ఆంటీ ముందు వెనక్కి తిరిగి నిలబడ్డాను. "జాగ్రత్త నాన్నా" అంటూ మెడదాకా జిప్ లాగారు. ఈసారి నవ్వలేదు.

ఇప్పటికీ ఉద్యోగం రాలేదు. రెండోసారి కూడా ఆవిడ నవ్వి ఉంటే బాగుండేదనిపిస్తుంది.