పాదాలకు అంటని రంగు

ఆలూరు దగ్గర మా ఊరి చర్చిలో, ప్రసంగ పీఠం వెనక గోడ మీద గొర్రెల కాపరి బొమ్మ ఉంది. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు, తాతల నాటిదంటారు. నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి నా చేతిలో పని ఊడబెరికాక, ఊళ్లో నాకు మిగిలిన ఒకే ఒక్క గొప్ప ఆ బొమ్మ. క్రిస్మస్‌కు ముందు గోడలకు సున్నం కొట్టేటప్పుడు కాపరికి కూడా ‘కళ తెప్పించడం’ మా సంఘం ఆనవాయితీ. నా చేతికి వచ్చేసరికే బొమ్మ పొగచూరి, మసకబారి ఉండేది. పద్దెనిమిదేళ్లు ఆ కళ తెప్పించింది నేనే. ఎనామిల్ డబ్బాలు పట్టుకుని పద్దెనిమిదేళ్లు ఆయన మీద చేయి చేసుకున్నాను.

పాదాల దగ్గర మాత్రం నా పని సాగేది కాదు. జ్వరం తగ్గినవాళ్లు, కాన్పు తేలికగా అయినవాళ్లు ప్రార్థన చేసిన కొబ్బరినూనె తెచ్చి ఆ పాదాలకు రాసిపోయేవాళ్లు. జిడ్డు మీద నా రంగు నిలిచేది కాదు.

“ఆ నూనేదో మీ తలకు రాసుకోండి అవ్వా, ఆయనకెందుకు?” అని అరిచేవాణ్ణి.

“నీ రంగు ఆయనకు నచ్చలేదేమోప్పా,” అనేది మా వీధి అవ్వ.

మొన్నామధ్య వానలకు గోడకు చెమ్మ పట్టి బొమ్మ పెచ్చులు లేచింది. సంఘ పెద్దలు నన్ను పిలుస్తారని కుంచెలు కడుక్కుని కూర్చున్నాను. వాళ్లు మా ఊరి టీచరమ్మ కూతుర్ని పిలిచారు. పాత బొమ్మల్ని కాపాడే చదువు చదివి, ఎక్కడెక్కడో గుళ్లలో, కోటల్లో పనిచేసి వచ్చిన పిల్ల. గోడ చెమ్మకు కుళ్లింది, నేను చెమ్మ లేకుండానే కుళ్లాను.

ఆమె నుదుటికి భూతద్దం కట్టుకుని గోడంతా వెతికింది.

“చిన్నాయనా, దీని మీద ఎన్ని పూతలుండాయి?”

“పద్దెనిమిది పాపా. ఏటా ఒకటి.”

“అయ్యో,” అంది. అది గోడను చూసి అన్నదో నన్ను చూసి అన్నదో ఇప్పటికీ అడగలేదు.

పుల్లకు దూది చుట్టి, ఏదో మందులో ముంచి, రోజంతా కూర్చుంటే అరచేయంత మేర శుభ్రం చేసేది. నేనైతే ఒక్క రోజులో కాపరిని, మందను, వెనక కొండల్ని ముగించి సాయంత్రం బస్సుకు ఆలూరు పోయేవాణ్ణి. ఆమె పని చూడడానికి జనం గుంపులుగా వచ్చారు, గంటకోసారి టీ తెచ్చారు. నాకు పద్దెనిమిదేళ్లలో దక్కింది “బెంచీల మీద రంగు పడనీయొద్దప్పా” అన్న మాటే.

మొదట పాదాల దగ్గర పరీక్ష చేసింది. నా రంగు అక్కడ ఉల్లిపొరలా లేచి వచ్చేసింది. కింద, నూనెకు కొంచెం ముదిరి, పాత పాదాలు బయటపడ్డాయి. పగిలిన మడమలు, వేళ్ల సందున దుమ్ము, ఒక బొటనవేలికి చితికిన గోరు. మా రాళ్ల చేలలో నడిచేవాడి పాదాలు. నేను ఏటా వాటికి ఎండ ఎరగని గులాబీ రంగు పూశాను. ఆ వేసినవాడెవడో, ఎప్పుడో పోయి ఉంటాడు. పోయినవాడి మీద కుళ్లుకోవడంలో ఉన్న చిక్కేమిటంటే, వాడింక చెడ్డ బొమ్మ వేయడు.

పెద్దలు “పై రంగు మొత్తం తీసేయమ్మా” అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

“పైపూతలు వేసినాయన ఈడనే ఉండాడు కదా, ఆయన సరే అనాల. ఆయన పూత గూడా ఈ గోడ చరిత్రే. తీస్తే మళ్లా రాదు.”

ఒకప్పుడు అన్ని దేశాల్లోనూ బాగుచేయడమంటే కొత్తగా వేసేయడమేనట. దెబ్బలు తిని తిని నేర్చుకున్నారట. వీలైనంత తక్కువ ముట్టుకోవాలి, మనం వేసింది రేపెవరైనా తీయగలగాలి, అది మనం వేసిందని తెలియాలి. ఇదంతా నాకు ఓపికగా చెప్పింది. నేను వారం రోజులు చర్చి వైపు పోలేదు. నా పూత పోతే, ఊళ్లో నేను వేసింది అంటూ ఏం మిగులుతుంది? ఉంచితే, ఆ పాత ముఖం నా రంగు కింద ఊపిరాడక చస్తుంది. ఆ పాదాలు కంటికి కనిపించకుండా ఉంటే బాగుండేది.

ఎనిమిదో రోజు పోయి, “సరే పాపా. కానీ ముఖం నేనే తీస్తా,” అన్నాను.

ఆమె దూదిపుల్ల చేతికిచ్చింది. “గోకొద్దు చిన్నాయనా. తడిపి, ఆగు.”

ఆగడం నా వృత్తిలో లేదు. అయినా నాలుగు రోజులు ఆగుతూ తుడిచాను. నల్లటి నుదురు వచ్చింది. తర్వాత కళ్లు. అవి నా కళ్లు కావు. నేను వేసిన కాపరి సూటిగా జనాన్ని చూసి నవ్వేవాడు. ఎన్నికలప్పుడు గోడల మీద అభ్యర్థుల ముఖాలు వేసిన చేయి కదా, ఆయన చేత కూడా ఓట్లడిగించాను. పాతాయన వేసిన కాపరి మమ్మల్ని చూడడమే లేదు. తల వంచి, చేతుల్లోని గొర్రెపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లును చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు ఆ ముల్లు మీద తెల్ల రంగు కొట్టింది కూడా నేనే.

రంగు రాలిన చోట్ల ఆమె చుట్టూ ఉన్న రంగులోనే సన్నటి నిలువు గీతలు వేసింది. దూరానికి కలిసిపోతాయి, దగ్గరికి పోతే గీతలని తెలుస్తుంది. తగ్గి కూడా కనిపించే ఆ నేర్పు చూసి మరో వారం అన్నం సయించలేదు.

కింది మూలన నేను సొంతంగా చేర్చిన గొర్రె ఒకటుంది. దాని అడుగున పాత బొమ్మేమీ లేదని, దాన్ని అలాగే ఉంచింది.

పని ముగిశాక వచ్చిన ఆదివారం అవ్వ నూనె గిన్నెతో వచ్చింది. టీచరమ్మ కూతురు ఆపి, ఇకనుంచి బొమ్మ కింది మెట్టుకు రాయమని నచ్చజెప్పింది. అవ్వ తలెత్తి చాలాసేపు చూసింది.

“శానా బాగుండాది తల్లీ. ఈయప్ప మన తట్టు చూడ్డంలా గానీ.” తర్వాత మూలకు వంగింది. “ఈ గొర్రె మాత్రం నన్నే చూస్తాండాది. దీన్ని ఎవరు ఏసినారు?”

“చిన్నాయనే అవ్వా,” అంది ఆమె.

అవ్వ వేలు ముంచి, నా గొర్రె కాలికి ఒక చుక్క నూనె రాసింది. ఈసారి నేను అరవలేదు. టీచరమ్మ కూతురు కూడా ఆపలేదు. ఆ పిల్ల ముఖం మాత్రం కొంచెం చిన్నబోయినట్టు నాకనిపించింది. నిజమో కాదో తెలియదు. ఆ రోజు చర్చిలో ఇచ్చిన టీ రెండు గ్లాసులు తాగాను.