నవ్వు రాని ఎపిసోడ్లు

గాజువాకలో మా పక్కింటి తవిటయ్య నవ్వితే వీధి చివర టీ కొట్టు దాకా వినబడేది. మామూలుగా అతను మాటకారి కాదు. స్టీల్ ప్లాంటు నుంచి పోర్టుకి ఇనుప షీట్ల చుట్టలు తోలే ట్రైలర్ డ్రైవరు. అప్పుడప్పుడు సాలూరు ఘాటీ ఎక్కి రాయపూర్ వైపూ వెళ్లేవాడు. ఇంటికొస్తే స్నానం, అన్నం, నిద్ర. పలకరిస్తే "బాగున్నాను బావా" అని ఒక్క ముక్క. కానీ టీవీలో 'రెండో వాటా' పెట్టాడంటే మాత్రం మా ఇంటి గోడ కూడా అదిరేది.

'రెండో వాటా' ఒకప్పుడు వారం వారం వచ్చిన హాస్య సీరియల్. ఇంటి ఓనరు వీరభద్రం ముందు వాటాలో ఉంటాడు, అద్దెకున్న చలపతి వెనక వాటాలో ఉంటాడు. నీళ్ల మోటారు దగ్గర తగువు, చెప్పుల స్టాండు దగ్గర తగువు, ఎవరిదో కోడి ఎవరి గుమ్మంలో కూసిందన్న దానికీ తగువే. ఇప్పుడవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. తవిటయ్యకి డైలాగులన్నీ నోటికి వచ్చు. అయినా ప్రతిసారీ అప్పుడే చూస్తున్నట్టు నవ్వేవాడు.

కిందటేడు వానల్లో అతని కడుపులో పుండు పగిలింది. ఏళ్ల తరబడి వేళకి తిండి లేక, టీలతోనూ నొప్పి మాత్రలతోనూ నెట్టుకొచ్చిన ఫలితం. లారీల వరసలో బండి ఆపుకుని ఉండగానే స్టీరింగు మీదికి వాలిపోయాడు. తోటి డ్రైవర్లు మోసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. పొట్ట నిలువునా కోసి ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

"దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా పొట్ట మీద దిండు అదిమి పట్టుకోవాలి. బరువులు ముట్టుకోవద్దు. గట్టిగా నవ్వొద్దు" అని డాక్టరమ్మ చెప్పింది. ఆఖరి మాట ఎవరూ పట్టించుకోలేదు. కడుపు కోసుకున్న మనిషికి నవ్వెక్కడొస్తుంది అనుకున్నాం.

ఆ వారంలోనే పక్క మంచం మీది పేషెంటు ఫోన్‌లో నీళ్ల మోటారు ఎపిసోడ్ పెట్టాడు. తవిటయ్యకి తెర కనబడలేదు. మాటలు వినబడ్డాయి, అంతే చాలు. కాసేపు పెదవి కొరుక్కుని ఆపుకున్నాడట. తర్వాత ఆపుకోలేకపోయాడు. నవ్వు మధ్యలో అరుపైంది. కుట్లు తెగాయి. మళ్లీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లి కుట్టారు.

ఇంటికి తీసుకొచ్చిన రోజున అతని భార్య గౌరీశ్వరి చేసిన మొదటి పని, టీవీ ప్లగ్గు పీకి, దాని మీద దుప్పటి కప్పెయ్యడం.

ఆ తర్వాత తవిటయ్య గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. గంజి పెడితే రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేవాడు. నేను ఆర్టీసీలో కండక్టర్ని, డ్యూటీ దిగి రోజూ ఒకసారి తొంగిచూసేవాణ్ణి.

"ఎలగున్నావు బావా?"

"ఏటుంది బావా. బతికున్నాను" అనేవాడు, అదేదో తన తప్పయినట్టు.

గౌరీశ్వరి బయటికొచ్చి కొంగుతో కళ్లు తుడుచుకునేది. "పుండు మానిపోతందంట అన్నయ్యా. మనిషే మానట్లేదు" అనేది.

వాళ్లమ్మాయి హిమబిందు దువ్వాడలో డిగ్రీ చదువుతోంది. దారి చూపించింది ఆ పిల్లే.

"అమ్మా, నాన్నకి టీవీ పెట్టేద్దాం."

"నీకేటి పిచ్చా? మల్లీ కుట్లు తెగిపోతే?"

"తెగవు. ఎంత చూసినా నవ్వు రాని ఎపిసోడ్లు ఉన్నాయి."

సంగతేమిటంటే, సీరియల్ మంచి ఊపు మీదున్నప్పుడు చలపతి వేషం వేసే నటుడు సినిమాల్లోకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేదాకా కొన్నాళ్లపాటు అతను లేకుండానే నడిపారు. వీరభద్రానికి ఒక తమ్ముణ్ణి తెచ్చిపెట్టారు. ఆ తమ్ముడు జోకు వేస్తే అది జోకని తెలుస్తుంది గానీ నవ్వు రాదు. అభిమానులు ఆ ఎపిసోడ్ల పేరు చెబితేనే మండిపడతారు. ఒకాయన వీడియో కింద, "దీనికంటే మా కరెంటు బిల్లు నయం, చదివితే ఏదో ఒకటి అనిపిస్తుంది" అని రాశాడు. అన్నిట్లోకీ ఎక్కువ తిట్లు తిన్నది, కరెంటు పోతే నలుగురూ మెట్ల మీద కూర్చుని ఎదురుచూసే ఎపిసోడ్. అందులో ఇంకేమీ జరగదు.

"ఆ సెత్తా? అవి నాను ఒక్కటీ సూడలేదు. దాటీసేవోణ్ణి" అన్నాడు తవిటయ్య గోడవైపు నుంచే.

"అందుకే నాన్నా. కొత్తవే కదా నీకు" అంది హిమబిందు, దుప్పటి తీస్తూ.

గౌరీశ్వరికి నమ్మకం కుదరలేదు. దిండు చేత్తో పట్టుకుని మంచం పక్కన కాపలాకి కూర్చుంది. మొగుడి మూతి ఒక్క పిసరు కదిలినా దిండు పొట్టకి అదమడానికి సిద్ధంగా ఉంది. ఎపిసోడ్ మొదలైంది. తమ్ముడు ఒక జోకు వేశాడు. ఆమె దిండు ఎత్తింది. తవిటయ్య ముఖంలో ఏమీ లేదు. ఇంకో జోకు. ఏమీ లేదు. మెల్లగా దిండు ఆమె ఒళ్లోకి దిగింది.

కాసేపటికి ఆమె, "బావా, వీరభద్రం ఎవులు ఇందులో?" అని అడిగింది. మేనమామ కూతురు కాబట్టి చిన్నప్పటి పిలుపే పెళ్లయ్యాకా ఉండిపోయింది.

"అదిగో, ఆ సన్నటోడు. అదేటి, వీరభద్రం తెలీదా నీకు?"

"ఇతనా! నాను లావుగా, బొజ్జేసుకుని ఉంటాడనుకున్నాను."

"ఇన్నేళ్లూ మనింట్లో ఆడతానే ఉన్నాది గదే."

"ఆడేది ఈ గదిలోన. నాను ఉండేది వంటింట్లోన. వినేదాన్ని, అంతే" అంది గౌరీశ్వరి. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది. "గొంతుల్ని బట్టి మనుషుల్ని అనుకున్నాను. అతని పెళ్లాం తెల్లగా ఉంటాదనుకున్నాను. సామనఛాయే. బాగున్నాది."

తవిటయ్య టీవీ వదిలేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడట. ఇదంతా తర్వాత అతనే నాకు చెప్పాడు. "నీళ్ల మోటారుదే నడుస్తా ఉంటే నాను ఆ మాట వినను గదా బావా. 'ఉస్, మాట్లాడకు' అనీసేవోణ్ణి" అన్నాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం గంజి తాగాక ఒకటి, దీపాలు పెట్టేముందు ఒకటి. ఒకదాంట్లో పొరపాటున ఇంటికొచ్చిన ఆవకాయ జాడీ ఎవరిదో కనుక్కునే ప్రయత్నం. చివరికీ కనుక్కోలేదు. ఇంకోదాంట్లో తమ్ముడి గొడుగు పోవడం. తెర మీద ఏమీ జరగనప్పుడు చూసేవాళ్లకి నోళ్లు ఊరుకోవు. గౌరీశ్వరి వాళ్ల నాన్న దగ్గర అచ్చం అలాంటి గొడుగే ఉండేదన్న మాట అలా వచ్చింది. అక్కణ్ణుంచి ఆయన పోయిన నాటి సంగతులు వచ్చాయి. ఆవేళ తవిటయ్య లోడుతో ఒడిశాలో ఉన్నాడు. ఆమె ఒక్కతీ బస్సెక్కి పుట్టింటికి వెళ్లింది. దారంతా ఏడవలేదని, పక్క సీటు ముసలామె 'ఏ ఊరమ్మా' అని అడగ్గానే ఏడ్చేశానని చెప్పింది. తవిటయ్య ఆ మాట మొదటిసారి విన్నాడు. ఆమె చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకున్నాడు.

కరెంటు ఎపిసోడ్ రెండోసారి చూసిన రోజున అతనూ ఒక సంగతి చెప్పాడు. మూడేళ్ల కిందట వానలో సాలూరు ఘాటీ దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. వెనక చుట్టల బరువు బండిని నెట్టుకుపోయింది. పిట్టగోడకి రాసుకుని, ముందు చక్రం ఒకటి గాల్లోకి వెళ్లి, బండి ఆగింది. క్లీనర్ కూడా లేడు. ఒక్కడే తలుపు తీసుకుని దిగి, రోడ్డు మీదే కూలబడ్డాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గౌరీశ్వరి అతని పొట్ట మీది దుప్పటి సర్దింది. తర్వాత నెమ్మదిగా అంది. "వొచ్చిన రోజు ఆ కోడి గొడవది పెట్టుకున్నావు. శానా నవ్వినావు ఆవేళ. నాను వంటింట్లోన అట్లేత్తా విన్నాను. ఇది మామూలు నవ్వు కాదు, ఏదో అయ్యుంటాదని అనుకున్నాను."

"మరి అడగలేదేటే?"

"నవ్వుతా ఉంటే ఏటని అడుగుతాను బావా?"

వారాలు గడిచేకొద్దీ తవిటయ్య లేచి కూర్చున్నాడు. అన్నం అడిగి పెట్టించుకున్నాడు. చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ గాయం చూసి సంతోషించి, ఏం మందు వాడారయ్యా అంది. "సెత్త ఎపిసోడ్లు మేడం" అన్నాడతను. ఆవిడకి అర్థం కాలేదు గానీ నవ్వి చీటీ రాసింది.

ఒక సాయంత్రం గోడ మీంచి నన్ను పిలిచాడు. "బావా, ఆ ఎపిసోడ్లకి మాటలు రాసినాయన పేరు ఆఖర్న పడతంది. భీమిలి శ్రీరామ్మూర్తి అని. నువ్వు ఆ రూట్‌లో శానా ఏళ్లు చేసినావు గదా. తెలుసేటి?"

నాకు తెలుసు. రిటైరైన స్కూలు మాస్టారు. నా బస్సులో కిటికీ పక్కనే కూర్చునేవారు. ఆయన సీరియల్‌కి రాశారని మాత్రం నాకు తెలియదు. నా సెలవు రోజున తవిటయ్యనీ గౌరీశ్వరినీ వెంటబెట్టుకుని భీమిలి తీసుకెళ్లాను.

మాస్టారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఫలానా సీరియల్ గురించి వచ్చామనగానే ఆయన ముఖం మారింది.

"కరెంటు ఎపిసోడ్ గురించేనా?"

"అవునండి" అన్నాడు తవిటయ్య.

"ఫోన్లు చేసి తిట్టేవాళ్లున్నారు గానీ, బస్సెక్కి వచ్చి తిట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. కానివ్వండి బాబూ."

"తిట్టడానికి కాదు మాస్టారూ, దణ్ణం పెట్టడానికొచ్చాను" అని తవిటయ్య చేతులు జోడించాడు. "మీరు రాసిందాంట్లో ఒక్క జోక్కీ నవ్వు రాలేదండి. అదే నన్ను బతికించింది."

మాస్టారు తెల్లబోయారు. లోపలి నుంచి ఆయన భార్య అనూరాధగారు పకపకా నవ్వడం వినబడింది. తవిటయ్యకి తన మాట ఎలా తగిలిందో అప్పుడు తెలిసింది. నాలిక కరుచుకుని, చొక్కా ఎత్తి పొట్ట మీది గాటు చూపించి, మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. ఆసుపత్రి, తెగిన కుట్లు, దిండు, ఘాటీ, అన్నీ. అతను ఒక్క గుక్కలో అంత మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

అంతా విన్నాక మాస్టారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "నేను స్కూలు పిల్లలకి నాటికలు రాసుకునేవాణ్ణి బాబూ. ఆ నటుడు వెళ్లిపోతే తొందరలో నన్ను పిలిచారు. నాకు జోకులు రావు. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో రాయడమే వచ్చు. అది టీవీకి పనికిరాదన్నారు. నిజమే. టీవీలో వచ్చిన రోజున కూడా నేను చూడలేదు. సిగ్గేసి పక్కింటికి వెళ్లిపోయాను."

గౌరీశ్వరి ముందుకి జరిగింది. "మాస్టారూ, ఒకటి అడగాల. ఆ మెట్ల మీద కూకున్నప్పుడు వీరభద్రం పెళ్లాం ఏదో సెప్పబోతది. అంతలో కరెంటు వొచ్చీసి అందరూ లోపలికెల్లిపోతారు. ఆవిడ ఏటి సెప్పబోనాది?"

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆమెవైపు తిరిగారు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా ఇది. రాశాను. నిడివి ఎక్కువైందని తీసేశారు. 'ఇంకాసేపు కరెంటు రాకపోతే బాగుణ్ను' అంటుంది."

గౌరీశ్వరి తల పంకించింది. "అదే అనుకున్నాను" అంది.

అనూరాధగారు కాఫీలు, జంతికలు తెచ్చారు. తవిటయ్య బలవంతం మీద ఆ ఎపిసోడ్ మాస్టారి టీవీలోనే పెట్టాం. ఆయన తన రాత తను చూసుకోవడం అదే మొదటిసారి. తమ్ముడు జోకు వేసినప్పుడల్లా పేపరు అడ్డం పెట్టుకున్నారు. "ఇది బాలేదు మాస్టారూ, కానీ ఇప్పుడొచ్చేది సూడండి" అంటూ తవిటయ్య పేపరు పక్కకి లాగేవాడు. చివర్లో మాస్టారు పేపరు పక్కన పెట్టి పూర్తిగా చూశారు. తిరుగు బస్సుకి మమ్మల్ని స్టాండు దాకా దిగబెట్టి, గౌరీశ్వరి ఫోన్ నంబరు తీసుకున్నారు.

తవిటయ్య ఇప్పుడు దూరం లోడ్లు మానేశాడు. పోర్టు యార్డులో ఫోర్క్‌లిఫ్టు నడుపుతున్నాడు, వేళకి ఇంటికొస్తాడు. మాస్టారు మళ్లీ రాయడం మొదలుపెట్టారు. భీమిలిలో స్కూలు వార్షికోత్సవానికి ఒక నాటిక. రాసినంతవరకూ ఆదివారం ఆదివారం ఫోన్‌లో గౌరీశ్వరికి చదివి వినిపిస్తారు. మొన్న నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఫోను చెవి దగ్గర పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. తవిటయ్య పక్కనే బఠాణీలు ఒలుస్తున్నాడు.

"కాదు మాస్టారూ," అంటోంది గౌరీశ్వరి, "కొడుకు అంత మాటంటే ఆ తల్లి ఊరుకోదు. ఏదో ఒకటి అంటాది. మీరు ఇంకోసారి ఆలోసించండి."