గౌస్ భాయ్ గడ్డం బల్లుల జోడీ

2004 వేసవి. హుస్సేనీ ఆలంలో నా పావురాల దుకాణం అంటే పాతబస్తీలో తెలియనివారు లేరు. రెక్కలున్నదైనా, తోక ఉన్నదైనా, దాని మనసులో మాట నేను ఇట్టే చెప్పేవాణ్ణి. సరే, అంత లేదు. పావురాలు బాగా తెలుసు, చిలకలు కొంచెం తెలుసు. ఇంకేది వచ్చినా వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్‌కి పరుగెత్తి చదివేవాణ్ణి.

ఓ మధ్యాహ్నం పురానాపూల్ నుంచి గౌస్ భాయ్ వచ్చాడు. జరీ పని చేస్తాడు, పావురాల పిచ్చి, నా పాత గిరాకీ. చేతిలో గాజు పెట్టె, అందులో బియర్డెడ్ డ్రాగన్లు రెండు. కోపమొస్తే ముళ్ళ గడ్డం ఉబ్బించే ఎడారి బల్లులు ఇవి. బావమరిది దుబాయి నుంచి తెచ్చిచ్చాడు. వచ్చిన కొత్తలో వాటి తిండి సంగతి చదివి చెప్పింది నేనే. మగది మొసలి పిల్లంత ఉంది. అంటే, తోకతో కలిపి మూరకు కాస్త తక్కువ. ఆడదాని పేరు రాణి. గౌస్ భాయ్ మగ్గం దగ్గర కూర్చుంటే భుజమెక్కి నిద్రపోతుంది.

"సేఠ్, వీటిని జోడీ కట్టాలె. పిల్లలిస్తనని మస్తు మందికి జబాన్ ఇచ్చిన."

పావురాలవాళ్ళలో అది మామూలే. గుడ్డు పడకముందే పిల్లను మాటిచ్చేస్తారు. ఇచ్చిన జబాన్ వెనక్కి తీసుకుంటే మర్యాద పోతుంది.

"వయసెంత?"

"ఏడాది నిండలే. ఒక్కతల్లి గుడ్లే, ఒక్కదినమే పుట్టినయ్. పక్కా జోడీ!"

నేనూ తలూపాను. పావురం ఈతకు రెండే గుడ్లు పెడుతుంది, ఒకటి పోతు, ఒకటి పెట్ట అని మావాళ్ళ నమ్మకం. అందుకే ఒకే గూటి పిల్లల్ని జోడీ అని అమ్మడం మా వాడుక. తలూపాక గానీ చదివింది గుర్తు రాలేదు.

"ఆగు భాయ్. గివి అన్నాచెల్లెండ్లు. పిల్లలు అవిటివి పుట్టొచ్చు."

"వారెవ్వా! మరి నీ గూళ్ళల్ల ఉన్నయేంది, మేనత్త బిడ్డ, మేనమామ కొడుకా?"

పక్కనున్న గిరాకీలు పకపకా నవ్వారు. ఊరికే ఉండలేక రాణిని చేతిలోకి తీసుకున్నాను. తోక మొదట్లో ఎముకలు వేళ్ళకు తగిలాయి.

"గీమె ఇంకా ఎదగనే లేదు గౌస్ భాయ్. ఇప్పుడే గుడ్లకొస్తే ఒంట్ల ఉన్న కాల్షియమంతా పెంకులకే పోతది. ఎగ్ బైండింగ్ అంటరు, గుడ్లు లోపల్నే ఇరుక్కుంటయ్."

"ఇరుక్కుంటే?"

"చస్తది."

నేనాగలేదు. "పావురమైతే రెండు పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ మేపుతయ్. గిది ఇసుకల ఇరవై దాకా గుడ్లు పెట్టి తన దారిన తను పోతది. మేపుడు నీ పనే. ఒక్కదగ్గరుంచితే ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటయ్. పెట్టెలు వేరే, యూవీబీ లైట్లు వేరే. అవి ఎండ లెక్క, లేకుంటే ఎముకలు వంకరైతయ్. రోజూ బతికున్న మిడతలు గావాలె. నువ్వు జబాన్ ఇచ్చినోళ్ళు గివన్నీ చేస్తరా?"

"షోకు కోసం అడిగిన్రు సేఠ్. నాలుగు దినాలైతే మర్చిపోతరు." రాణిని భుజం మీదికి ఎక్కించుకున్నాడు. "నా జబాన్ పోతే పోనీ. మగదానికి వేరే పెట్టె ఇయ్యి. జోడీ ఇప్పుడొద్దు, ఎప్పటికీ వద్దు."

"నడువు, జబాన్ ఇచ్చినోళ్ళ ఇండ్లకు నేనూ వస్త. తప్పు నామీదికి తొయ్యి."

ఆ సాయంత్రం నా స్కూటర్ మీద శాలిబండ దాకా గడపగడపకూ తిరిగాం. ఓ పెద్దాయన "ఏం గౌస్, గుడ్లన్నీ నువ్వే ఆమ్లెట్ వేసుకున్నవా?" అన్నాడు. గౌస్ భాయ్ తల దించుకుని "మాఫ్ జేయి చచ్చా" అన్నాడే తప్ప తప్పు నా మీదికి తొయ్యలేదు.

మరుసటి ఏడు రాణి మగతోడు లేకుండానే, కోడిపెట్టలాగా, ఒట్టి గుడ్లు పెట్టింది. అప్పటికి ఒళ్ళు చేసింది కాబట్టి ఇబ్బంది పడలేదు.

నా సంగతి చెప్పాలి. గౌస్ భాయ్ అడిగిన ప్రశ్నకు సిగ్గుపడి, ఒకే గూటి పావురాలను జత కట్టడం ఆ రాత్రికే మానేశాను. లేదు, ఆ ఈతవి అమ్ముడుపోయాక మానేశాను. తరవాత ఒక గూటి పిల్లల కాళ్ళకు ఒకే రంగు కడియం వేయడం మొదలుపెట్టాను. జోడీ అడిగినవాళ్ళకు రెండు రంగులూ వేరయితేనే ఇచ్చేవాణ్ణి. ముందుగా అడిగేది మాత్రం ఒక్కటే: "పుట్టిన పిల్లల్ని ఎవరు సాకుతరు?" తడుముకున్నవాడికి ఒంటి పావురమే ఇచ్చి పంపేవాణ్ణి.