మైకులో ఇంటి తెలుగు

నాలుగు తరాలుగా ఒకే ఊళ్ళో ఉంటున్న మనిషిని “మీ అసలు ఊరేది?” అని అడిగితే ఏం చెప్పాలి? ఇది రాస్తున్నవాడికి ఇప్పటికీ జవాబు దొరకలేదు. యలహంక పాతూరిలో పుట్టి పెరిగిన దేవరాజ్‌ను మహదేవపుర ఆఫీసులో రోజుకొకరు అలా అడిగేవారు. ఆంధ్రావాళ్ళకు అతని తెలుగు కన్నడంలా, కన్నడిగులకు అతని కన్నడం తెలుగులా వినబడేది. అతనికి మాత్రం రెండూ బాగానే వచ్చనిపించేది. అద్దంలో చూసుకుంటే ఎవరి జుట్టు వాళ్ళకు ఒత్తుగానే కనిపిస్తుంది కదా.

పదకొండేళ్ళుగా టీమ్ లీడ్. అతని దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు మేనేజర్లయి, ఇప్పుడు అతనికి సెలవులు మంజూరు చేస్తున్నారు. నాలుగో మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది. యాభై నాలుగేళ్ళ వయసులో ఇక ఇదే చివరి అవకాశం.

అప్పుడే అమెరికా నుంచి కొత్త బాస్‌గా లూసియా వచ్చింది. టెక్సస్‌లో పుట్టింది, ఇంట్లో స్పానిష్. అక్కడి కంపెనీలో స్పానిష్ మాట్లాడే ఉద్యోగులు ఒక సంఘం పెట్టుకుని, ఒకరికొకరు చేయందించుకుంటూ పైకి వచ్చారట. ఆమె కూడా అలాగే ఎదిగిందట. ఇక్కడా భాషకొక సంఘం కావాలంది. సంఘాల ప్రారంభ సభలో తెలుగు సంఘం నాయకుడిగా ఐదు నిమిషాలు తెలుగులో బాగా మాట్లాడితే ఆ కుర్చీ దాదాపు మీదేనని హెచ్.ఆర్. సహన దేవరాజ్‌కు చెప్పింది.

వారం రోజులు టీవీ వార్తలు విని సాధన చేశాడు. “సాంస్కృతిక వైవిధ్యమే సంస్థాగత పురోగతికి పునాది” అని హాల్లో గొంతెత్తి అంటుంటే, వంటింట్లోంచి తల్లి అక్కయమ్మ కేకేసింది.

“ఆ టీవీ తగ్గించప్పా, తల నొస్తా ఉండాది.”

తగ్గించాడు. టీవీ ఆపే ఉంది కాబట్టి గొంతు తగ్గించాడు.

సభ రోజున ఎదురుగా రెండు వందల మంది. మూడు వాక్యాలు దాటేసరికి నాలుగోది ఎటు పోతోందో అతనికే తెలియలేదు. ముందు వరుసలో లూసియా, పక్కనున్న గుంటూరు వంశీని ఆయనేమంటున్నారని అడిగింది.

“నాకూ అర్థం కావట్లేదు మేడం. కానీ చాలా గొప్పగా ఉంది” అన్నాడు వంశీ. హాలంతా నవ్వింది.

లూసియా నవ్వలేదు. లేచి తన సంగతి చెప్పింది. తన మొదటి ప్రసంగం మెక్సికో నుంచి వచ్చిన ఒక సహోద్యోగి చేత రాయించుకుందట. విన్న నాయనమ్మ, ఈ పిల్ల ఎవరి తరఫున మాట్లాడుతోందని అడిగిందట. తననూ అసలు ఊరేదని అక్కడ అడుగుతూనే ఉంటారట. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పమంది.

దేవరాజ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాకు ఆ తెలుగు రాదప్పా. మా ఇంట్లో ఉండేది ఇదే. మా నాయిన యలహంక తావే రాగులు పండిస్తా ఉండె. ‘నీ పని నువ్వు చేసుకో, ఎవురో ఒకరు చూస్తారు’ అంటా ఉండె. పదకొండేండ్లు చేస్తానే ఉండాను. ఎవురూ చూళ్ళేదు. ఆయన ఆఫీసు చూసినోడు కాదు కదా, పాపం.”

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. అందరికంటే ముందు వంశీయే లేచి చప్పట్లు కొట్టాడు. సహన అతని దగ్గరికి వచ్చి, కుర్చీ ఖాయం, సాయంత్రం ప్రకటిస్తారు అంది. ఒక్క చిన్న పని మిగిలిందంది. వీడియో సరిగా రాలేదు. అమెరికాకు పంపాలి కాబట్టి అవే మాటలు మళ్ళీ అలాగే, నాన్న ప్రస్తావన దగ్గర కాస్త ఆగి చెప్పాలి. ఇకపై ప్రతి నెలా ఏదో ఒక శాఖవాళ్ళ ముందు ఇలాంటిదే ఉంటుందట.

నీళ్ళు తాగి వస్తానన్నాడు. బయట వరండాలో నీళ్ళ క్యాన్ ముందు నిలబడి మెల్లగా అనుకుని చూశాడు. “మా నాయిన” అనగానే గొంతు దానంతటదే వణికింది, సరిగ్గా సహన చెప్పిన చోటే. తనలో ఇంత నటుడున్నాడని యాభై నాలుగేళ్ళకు తెలిసింది. ఆ నటుడు మేనేజరవుతాడు, కారు కొంటాడు. దేవరాజ్ కాసేపు అతనివైపు ఆశగానే చూశాడు.

లోపల లూసియా మైకులో అతని పేరు పిలిచింది. మళ్ళీ లోపలికి వెళితే, నాన్న మాటలను నెలనెలా నటించి చూపించనని చెప్పే ధైర్యం తనకు లేదని అతనికి బాగా తెలుసు. గ్లాసు బోర్లించి, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగి, యలహంక బస్సెక్కాడు.