పరుపుల గల్లీలో ఫైరింజన్

పాతబస్తీ స్టేషన్‌కు బదిలీ మీద వచ్చినప్పుడు నేను కొంచెం పొగరుగానే వచ్చాను. అంతకుముందు మలక్‌పేట వైపు వెడల్పాటి రోడ్ల మీద ఫైరింజన్ నడిపినవాణ్ణి. సైరన్ వేస్తే బస్సులు కూడా పక్కకు జరిగేవి. అదంతా నా డ్రైవింగ్ గొప్పతనమే అనుకునేవాణ్ణి.

ఈ స్టేషన్‌లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన డ్రైవరు చుట్టుపక్కల గల్లీలన్నీ కాలినడకన తిరగాలి. బండి వెడల్పుకు సరిపడా కోసిన వెదురు కర్ర ఒకటి చేతికిస్తారు. దాన్ని అడ్డంగా పట్టుకుని నడవాలి. ఎక్కడా తగలకుండా పోతే పుస్తకంలో ఆ గల్లీ పేరు ఎదురుగా ‘పోతది’ అని రాయాలి, తగిలితే ‘పోదు’ అని. ఆ పుస్తకం ఎప్పుడూ ఇంజన్‌లోనే ఉంటుంది. కాల్ వచ్చాక ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? పుస్తకం ఎలా చెబితే అలా పోవడమే.

ఎనిమిదడుగుల కర్రను అడ్డంగా పట్టుకుని హుస్సేనీ ఆలంలో తిరిగే మనిషిని చూసి జనం ఊరుకుంటారా? “భాయ్, గల్లీ మొత్తం కొంటున్నవా ఏంది?” అని ఒకాయన. “అన్నా, పెండ్లి పందిరికి కొలతలా?” అని ఇంకొకాయన. నాకసలే ముక్కు మీద కోపం. అందుకని ఒక ఉపాయం చేశాను. శుక్రవారం పొద్దున్నే, దుకాణాలు బంద్ ఉన్నప్పుడు వెళ్ళి, మిగిలిన గల్లీలన్నీ చకచకా కొలిచేసుకుని వచ్చాను.

మా లీడింగ్ ఫైర్‌మన్‌ను అందరం ఉస్తాద్ అంటాం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. పుస్తకం తిరగేసి ఒక పేజీ దగ్గర ఆగాడు.

“పరుపుల గల్లీ పోతదని రాసినవ్. ఎప్పుడు చూసినవ్?”

“శుక్రవారం పొద్దుగాల.”

“బంద్ బజార్ దేఖే తో క్యా దేఖే భాయ్? సాయంత్రం పోయి చూడు ఒకసారి.”

“సాయంత్రానికి గోడలు జరుగుతయా ఉస్తాద్?” అన్నాను. ఆయన నవ్వి పుస్తకం మూసేశాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అదే గల్లీ నుంచి ఫోన్ వచ్చింది. తాతల నాటి నుంచి అక్కడే పరుపుల వ్యాపారం చేసుకుంటున్న ఒక సేటు ఇల్లు. కింద దుకాణం, మొదటి అంతస్తులో దూది బస్తాలు, ఆ పైన కాపురం. ఇన్వర్టర్ దగ్గర నిప్పురవ్వలు లేచి దూది అంటుకుంది. మెట్ల నిండా పొగ. “పైన మా అమ్మ ఒక్కతే ఉన్నది, మోకాళ్ళు పనిచెయ్యయి” అని సేటు ఫోన్‌లో ఏడుస్తున్నాడు.

పుస్తకం ‘పోతది’ అంది. మలుపు తిప్పి గల్లీలోకి దూరాను. అప్పుడు చూశాను నా ఘనకార్యం. శుక్రవారం నాడు నేను కొలిచిన గల్లీ కాదది. కుడివైపు ఇనుప మంచాలు, ఎడమవైపు మనిషెత్తు పరుపుల దొంతరలు, నెత్తిన టార్పాలిన్లు, స్టీలు దుకాణం ముందు వేలాడే బకెట్లు, వాటి మధ్య స్కూటర్లు. ప్రతి దుకాణం గల్లీలోకి మూడడుగులు నడిచి వచ్చింది. సగం దూరం కూడా పోకముందే బండి కర్రుమని ఇరుక్కుంది. వెనక్కి తీద్దామంటే అప్పటికే ఆటోలు వచ్చి ఆగాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఉస్తాద్ అప్పటికే దిగిపోయాడు. సన్నగా ఉన్న మావాళ్ళను తీసుకుని ఎడమవైపు సందులోంచి జారి, పైపు చుట్టలు భుజానేసుకుని పరుగెత్తాడు. నా పొట్టకు ఆ సందు చాలలేదు. నా వైపు తలుపుకేమో ఇనుప మంచాలు అడ్డం. పంపు నడిపేది నేను, పంపు మీటలు బండి వెనకాల. చివరికి కిటికీలోంచి దూరబోతే నడుం దగ్గర పట్టేసింది. మంచాల దుకాణమాయన, స్టీలు దుకాణమాయన చెరో చెయ్యి పట్టి “జోర్ లగావ్” అంటూ గుంజారు. అప్పటికే ఎవరో మంచాల మీద రెండు పరుపులు పరిచి పెట్టారు. వాటి మీద బోర్లా పడి, లేచి, వెనక్కి పరుగెత్తాను.

పంపు మొదలుపెట్టాక నేను అక్కణ్ణుంచి కదలకూడదు. కళ్ళు మీటర్ మీద, చెవులు గల్లీ చివర. మామూలుగా రెండు పైపులు చాలే చోట నాలుగు కలపాల్సి వచ్చింది. గల్లీ జనమంతా వరుసగా నిలబడి ఆ పైపును పరుపుల మీదుగా, మంచాల మీదుగా చేతుల మీద మోశారు.

మెట్ల మీది పొగలోంచి ఉస్తాద్ పైకి వెళ్ళాడు. లోపల జరిగింది నేను తర్వాత విన్నాను. ఆ అవ్వ తెలివైనది. దేవుడి గదిలోకి చేరి, తలుపు మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి, కిటికీ దగ్గర కూర్చుంది. ఉస్తాద్ లోపలికి అడుగుపెట్టగానే ఆమె అన్న మొదటి మాట, “బూట్లు ఇడిసి రా బిడ్డా, దేవునర్ర.”

“దేవునితోని నేను మాట్లాడుకుంట గని, నువ్వు నడువమ్మా” అని ఆయన ఆమెను ఎత్తుకుని దిగాడు.

దూది పోయింది. మనుషులకు ఏమీ కాలేదు. గల్లీలో పండగే పండగ. చాయ్‌లు, ఉస్మానియా బిస్కట్లు. ఉస్తాద్‌ను పరుపుల దొంతర మీద కూర్చోబెట్టి దండ కూడా వేశారు. అవ్వ స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ జరిగింది చెబుతోంది. చాయ్ గ్లాసు పట్టుకుని నేనూ విన్నాను.

“గంట ఇనబడ్డది. కిటికీలకెళ్ళి చూస్తే మలుపు కాడ ఎర్రబండి కనబడ్డది. హమ్మయ్య, వచ్చిన్రు అనుకున్న. గాని అది గాడ్నే ఆగిపాయె. ఇగ రారేమో, నా బతుకు గింతే అనుకున్న.”

నన్ను చూసి అనలేదు ఆమె. బండి తోలింది ఎవరో కూడా ఆమెకు తెలియదు. కానీ నాకు తల తీసేసినట్టయింది. చాయ్ గ్లాసు అలాగే కింద పెట్టేశాను.

స్టేషన్‌కు రాగానే పుస్తకం తీసుకుని ఆఫీసర్ గారి గదిలోకి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. “నన్ను వేరే స్టేషన్‌కు పంపండి సార్” అన్నాను.

ఆయన పుస్తకం నా వైపే జరిపాడు. “పంపుత. ముందు ఆ గల్లీల బండి పోయేటట్టు చేసి పో.”

మర్నాడు సాయంత్రం, జనం కిటకిటలాడే వేళ, కర్ర పట్టుకుని వెళ్ళాను. మంచాల దుకాణమాయన దూరం నుంచే కేకేశాడు. “రా భాయ్, నిన్న మెత్తగ పడ్డవ్ గద, అదే పరుపు ఇయ్యమంటవా?” ఈసారి నాకు కోపం రాలేదు. నిలబడి, నేను చేసిన తప్పేమిటో అందరికీ చెప్పాను. తర్వాత లొల్లి మొదలైంది. సామాను లోపల పెడితే గిరాకీ ఎట్ల వస్తదని ఒకరు, మా తాత కాలం నుంచి గిట్లనే ఉన్నదని ఇంకొకరు. చివరికి సేటు సున్నం బకెట్, కుంచె పట్టుకొచ్చాడు. “మీ అమ్మలు గూడ పైనే ఉంటరు గద” అని మాత్రం అని, తన దుకాణం ముందు తానే మొదటి గీత గీశాడు. ఆ గీత దాటి సామాను పెట్టకూడదు, సైరన్ వినబడితే స్కూటర్లు, టార్పాలిన్లు ఎవరివి వాళ్ళే తీసెయ్యాలి. అదీ ఒప్పందం.

పది రోజులకు మాక్‌డ్రిల్ పెట్టాం. ఆ రోజు వస్తామని గల్లీలో అందరికీ చెప్పాం, ఏ వేళకన్నది చెప్పలేదు. మలుపు దగ్గర సైరన్ వేశాను. గల్లీలో ఒక్కసారిగా కదలిక. టార్పాలిన్లు పైకి లేచాయి, బకెట్లు లోపలికి పోయాయి, స్కూటర్లు మెట్లెక్కాయి. ఇటూ అటూ జానెడు సందు. “ఆనే దో, ఆనే దో” అని బజారంతా చేతులూపుతోంది. ఎక్కడా తగలకుండా, ఎక్కడా ఆగకుండా సేటు ఇంటి గుమ్మం ముందుకు వచ్చి బ్రేకు వేశాను.

కిటికీ వైపు చూశాను. అవ్వ లేదు. గుమ్మంలో లేదు. ఉస్తాద్ గంట కొట్టాడు. కాసేపటికి పైనుంచి అవ్వ తొంగిచూసింది. జుట్టు విరబోసుకుని ఉంది, చేతిలో దువ్వెన.

“ఏంది బిడ్డా గిది, గింత జల్ది వస్తరా? కొత్త చీర గట్టుకుందమనుకున్న. జర టైమన్న ఇయ్యకపోతిరి.”

గల్లీ అంతా గొల్లున నవ్వింది. నేను స్టీరింగు మీద తలవాల్చి నవ్వుతూనే ఏడ్చాను. తర్వాత సైరన్ ఆపి, ఇంజన్ ఆపి, అవ్వ చీర కట్టుకుని వచ్చేదాకా అక్కడే ఆగాం.