ఎవరూ ముట్టని వడ్లు

మొన్న మరిపెడలో యూరియా కోసం లైన్లో నిలబడ్డాను. నిలబడ్డానంటే నేను కాదు, నా చెప్పులు నిలబడ్డాయి, నేను పక్కన నీడ చూసుకుని కూర్చున్నాను. నా ముందు ఇద్దరు కుర్రవాళ్ళు, బావా బామ్మర్దులట, ఒక్క బండి మీదే వచ్చారు. ఎక్కడో యుద్ధం వల్ల ఓడలు ఆగిపోయి బస్తాలు రావడం లేదని బావ అన్నాడు. అదేం కాదు, మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామని అమెరికాకు కోపం వచ్చింది, పత్తి ధర పడిపోయింది కూడా అందుకేనని బామ్మర్ది. మొదట నవ్వుకుంటూనే మొదలుపెట్టారు గాని, కాసేపటికి ఒకడు అమెరికా తరఫున, ఒకడు రష్యా తరఫున వకాల్తా పుచ్చుకుని, ఆ దేశాలు వీళ్ళకేదో పిల్లనిచ్చినట్టు గొంతులు పెంచారు. బస్తాలు అయిపోయాయని షట్టరు దించేసరికి బావ బండి తీసుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు, బామ్మర్ది ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. లైన్లో ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ నాటకం నేను చిన్నప్పుడే మా ఇంట్లో చూశాను.

మా పుట్టిల్లు జఫర్‌గఢ్ పక్కన ఒక ఊళ్ళో. నా ఈడు వాళ్ళకు ఆ ప్రాంతం సంగతి విప్పి చెప్పనక్కర లేదు. మా నాయిన, ఆయన తమ్ముడు మా చిన్నాయిన, ఇద్దరూ మీసాలు రాకముందే ఎర్రజెండా సంఘంలో చేరి దొరల మీద కొట్లాడినవాళ్ళు. ఊళ్ళోని గడీ తలుపులు బద్దలు కొట్టి, దొర దాచిన వడ్లు వాడవాడకూ పంచినవాళ్ళలో వీళ్ళిద్దరూ ముందున్నారని ఊరంతా చెప్పుకునేది. ఆ రోజుల్లో అడవిలో ఒకే సత్తు గిన్నెలో జొన్న గట్క కలుపుకుని తిన్నారట. నాకు ఊహ తెలిసేనాటికి ఆ కొట్లాట ముగిసిపోయి, ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకుని, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఒకే బావి కింద సేద్యం చేసుకుంటున్నారు. పొద్దుగూకి ఇంటికొస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే తప్ప అన్నం పెట్టకపోయేది మా నాయినమ్మ. కొడుకులు పోలీసులకు చిక్కకుండా తిరిగిన ఆ రోజుల్లో ఆమె కోరుకున్నది ఒక్కటేనట, ఇద్దరూ బతికి వచ్చి ఒక్క బంతిలో కూర్చుని తింటే చూడాలని. ఆ కోరిక తీరింది గనుక ఆమె ఇంకేమీ అడగకపోయేది.

అట్లాంటి ఇంట్లోకి మాస్కో, పీకింగ్ వచ్చాయి. ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. రష్యా, చైనా అప్పటిదాకా ఒక్కటిగా ఉండి, ఏదో మాట మీద చెడాయట. అవి చెడితే ఇక్కడి కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. పార్టీ చీలితే మా నాయిన మాస్కో వైపు, చిన్నాయిన పీకింగ్ వైపు అయ్యారు. అప్పటికి మా చిన్నాయిన బెజవాడ కూడా చూసి ఎరగడు. మా నాయిన ఒకసారి హైదరాబాదు పోయి, చార్మినార్ దగ్గర జేబు కత్తిరించుకుని వచ్చాడు. ప్రపంచాన్ని అంతవరకే చూసిన ఇద్దరు మనుషులు ప్రపంచం ఏ దారిలో నడవాలన్నదాని మీద పట్టుదలకు పోయి, ఒకరినొకరు నేను పలకడానికి నోరు తిరగని పేర్లతో తిట్టుకుని, చివరికి మాటలే మానుకున్నారు. ఇంట్లో రెండో పొయ్యి వెలిగింది. మా అమ్మ, చిన్నమ్మ, వాళ్ళకు ఏ గొడవా లేకపోయినా, ఒకరి కూర ఒకరికి కొంగు చాటున ఇచ్చుకోవలసి వచ్చింది. నాయినమ్మ మాత్రం ఏ పొయ్యి మీదా తిననని చెప్పి, వాకిట్లో మూడు రాళ్ళు పెట్టుకుని గుప్పెడు గట్క విడిగా కాచుకునేది. కొడుకులు ఒక్క బంతిలో కూర్చున్ననాడే తన మెతుకు ఆ ఇంట్లో తింటానంది. ఆమె మాట అంటే మాటే.

తర్వాత, సరిహద్దులో చైనాతో యుద్ధం జరిగిన కోపం ఇంకా చల్లారని ఆ రోజుల్లోనే, చైనా మనుషులని చెప్పి ఆ పక్షం వాళ్ళను పట్టుకుపోయినప్పుడు మా చిన్నాయిన కూడా జైలుకు పోయాడు. పోలీసులు వచ్చినప్పుడు ఆయన పొలంలో మోట తోలుతున్నాడు. బురద కాళ్ళు కడుక్కుంటానంటే కడుక్కోనిచ్చారు. చైనా మనిషి అంటే ఎట్లా ఉంటాడో అప్పటికి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, వచ్చిన జమాదారుకూ తెలియదు. నాయిన అరుగు మీద నిలబడి చూశాడే గాని పలకలేదు. పలకలేదు గాని, తెల్లారి తన అరకతో పాటు తమ్ముడి అరక కూడా కట్టించాడు. ఆ ఏడు చిన్నాయిన భాగం పొలమంతా తనే దున్ని, నాటు వేయించి, కోయించి, వచ్చిన వడ్లు నడిమింట్లో ఉన్న పెద్ద గుమ్మిలో పోయించి, పైన పేడతో అలికించాడు. గుమ్మి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదేమో, మనిషెత్తు వెదురు బుట్ట. అందులోవి తమ్ముడి వడ్లని, వచ్చి తీసుకుంటాడని చెప్పి మమ్మల్ని ముట్టనివ్వలేదు.

చిన్నాయిన విడుదలై వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. చిన్నమ్మ సంబరపడి గుమ్మి చూపించింది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరు పండించారని అడిగి, రష్యా వాళ్ళు పండించిన వడ్లు తన పొయ్యి మీద ఉడకవన్నాడు. నాయిన చెవిన పడనే పడింది. అవి తనవి కావు గనుక తనూ ముట్టనన్నాడు. ఆ పై ఏడు వానలు మొహం చాటేశాయి, బావి అడుగంటింది, జొన్నలు కూడా దొరకని కరువు వచ్చింది. నడిమింట్లో గుమ్మి నిండా వడ్లు, దానికి అటు ఒక పొయ్యి, ఇటు ఒక పొయ్యి, రెండింటి మీదా గంజి.

ఇక్కడే నా బుర్ర పూర్తిగా తిరిగిపోయిన సంగతి ఒకటుంది. ఆ కరువులో మా బడిలో మధ్యాహ్నం పసుపుపచ్చని మక్క రవ్వతో ఉప్మా వండి పెట్టేవారు, డబ్బా పాలపొడి కలిపి పాలు పోసేవారు. ఆ రవ్వ, ఆ నూనె, ఆ పొడి అన్నీ అమెరికా నుంచి వచ్చినవే. సంవత్సరాల తరబడి ఏ మాటా కలవని అన్నదమ్ములు ఈ ఒక్క మాట మీద కలిశారు, పిల్లలు అమెరికా తిండి ముట్టకూడదని. ఆ దేశం ఒక చేత్తో మనకు ఉప్మా పెడుతూ ఇంకో చేత్తో వియత్నాం మీద బాంబులు వేస్తోందని నాయిన చెప్పాడు. చిన్నాయిన తన పిల్లలకు అచ్చం అదే చెప్పాడు, కాకపోతే రెండు రోజుల తర్వాత. నాకు ఆ ఉప్మా వాసన ఇప్పటికీ ముక్కుపుటాల్లో ఉంది. నేను, చిన్నాయిన కూతురు, ఇద్దరం తింటూనే ఉన్నాం, నాయినమ్మ తినమంది కాబట్టి. మావాళ్ళు తిట్టే అమెరికా అన్నం పెడుతోంది, మా సొంత పొలంలో పండిన వడ్లు మా నోటికి అందడం లేదు, మరి ఇందులో మాకు శత్రువు ఎవరు? జనగామలో వియత్నాం కోసం రెండు పార్టీల వాళ్ళూ ఒకే నినాదంతో వేరువేరు రోజుల్లో ఊరేగింపులు తీస్తే, మేమిద్దరం రెండింటిలోనూ అరిచి వచ్చాం.

నాయినమ్మ ఊరుకునే మనిషి కాదు. జనగామలో పెద్ద మీటింగు ఉందని, పాత రోజుల్లో మా ఇంట్లో తలదాచుకున్న నాయకుడు ఒకాయన వస్తున్నాడని తెలిసి, బండి కట్టించి నన్ను తోడు తీసుకుని పోయింది. ఆయన ఆమెను చూడగానే లేచి వచ్చి కాళ్ళకు మొక్కాడు. ఆమె కుశలప్రశ్నల జోలికి పోలేదు.

“గా మాస్కో, పీకింగ్ అంటే ఎవలు బిడ్డా? అన్నదమ్ములా, భూమి పంచుకున్న పాలోళ్ళా? వాళ్ళను కూసోబెట్టి పంచాయితి చెయ్యి. వాళ్ళు కలిస్తె నా కొడుకులు కలుస్తరు.”

చుట్టూ ఉన్న కార్యకర్తలు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయారు.

“నీ చేతి గట్క తిని బతికినోణ్ణి అవ్వా, నీకు అబద్దం చెప్ప. వాళ్ళ దాంక నా మాట పోదు.”

“వాళ్ళ మాట నా ఇంట్లకు వచ్చింది గద. మరి మన మాట వాళ్ళ దాంక ఎందుకు పోదు?”

ఎన్నో సభల్లో మాట్లాడిన మనిషి, చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు పొద్దున ఆమె చేసిన పని మా ఊళ్ళో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. గొడ్డలి తీసుకుని నడిమింట్లోకి పోయి గుమ్మి పక్కకు గండి కొట్టింది. వడ్లు జలజలా నేల మీదికి కారాయి, పైపైన పురుగు పట్టింది గాని లోపలివి బాగానే ఉన్నాయి. వాకిట్లోకి వచ్చి, ఆకలైన వాళ్ళెవరైనా చేటలు, గంపలు తెచ్చుకోమని వాడవాడకూ కేకేయించింది. జనం రావడానికి జంకారు. నాయిన అటు గుంజ దగ్గర, చిన్నాయిన ఇటు గుంజ దగ్గర నిలబడిపోయారు. ఆమె ఇద్దరినీ చూసి అంది, “గప్పుడు దొర వడ్లు మీరే పంచిండ్రు గద కొడుకా. ఇవి గూడ ఎవల కడుపుల పడని వడ్లే.”

వాళ్ళు అడ్డం రాలేదు గనుక జనం గంపలతో లోపలికి వచ్చారు. మధ్యాహ్నానికల్లా గుమ్మి ఖాళీ అయింది. మాకూ రెండు చేటలు వచ్చాయి, ఆకలైనవాళ్ళ లెక్కలో. అమ్మ, చిన్నమ్మ ఏడుస్తూనే దంచారు. ఆ రోజు అన్నం తిన్నానే గాని, అది ఎవరి అన్నమో తెలియలేదు. ఇంత జరిగినా అన్నదమ్ములు కలవలేదు. మరుసటి ఏడు చలికాలంలో నాయినమ్మ మూడు రాళ్ళ పక్కనే కూర్చుని ఉండి, అట్లాగే ఒరిగిపోయింది. పాడె ముందు భాగం నాయిన, వెనక భాగం చిన్నాయిన మోశారు. ఆమె చూడాలనుకున్నది చూడకుండానే పోయింది, ఆ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు వాళ్ళిద్దరి మీదా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పైన రష్యా ట్యాంకులు తన పక్షానే ఉన్న ఇంకో కమ్యూనిస్టు దేశం రాజధానిలోకి పోయాయన్న వార్త వచ్చింది. ఆ వారమంతా నాయిన అది తప్పు కాదని అందరికీ చెప్పాడు, ఎవరూ అడగకపోయినా చెప్పాడు. ఇంకొన్నేళ్ళకు, నేను పదో తరగతి దాటిన తర్వాత, అమెరికా అధ్యక్షుడు పీకింగ్ పోయాడని, అక్కడ చేతులు కలిపి విందు చేశారని రేడియోలో చెప్పారు. వియత్నాంలో బాంబులు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఆ పొద్దు చిన్నాయిన పొలం పోలేదు. చాలాసేపు తన గుమ్మంలో కూర్చుని, తర్వాత లేచి, పలుపు తెగిన ఎద్దు కొట్టంలోకి దారి వెతుక్కుంటూ వచ్చినట్టు మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాయిన జరిగి చోటిచ్చాడు.

“ఇగ ఎట్లనే అన్నా?” అన్నాడు చిన్నాయిన.

నాయిన, “ఏమో తమ్మీ” అన్నాడు. అంతే. అన్నేళ్ళ పంతం ఆ రెండు ముక్కలతో పోయింది. గెలిచానని నాయిన అనుకోలేదు, ఓడానని చిన్నాయిన ఒప్పుకోలేదు. ఎవరి కోసం వీళ్ళు విడిపోయారో వాళ్ళు తమకు తోచినట్టు విడిపోయి, తమకు తోచినట్టు చేతులు కలుపుకున్నారు. వీళ్ళకు కబురన్నా పెట్టలేదు. అమ్మ లోపలి నుంచి రెండు తలెల్లో అన్నం వడ్డించి తెచ్చి పక్కపక్కన పెట్టింది. ఇద్దరూ తల వంచుకుని తిన్నారు. చూడవలసిన మనిషి లేదు.

తర్వాత చిన్నాయిన తన కొడుకుకు బొగ్గుబాయిలో కొలువు దొరికితే భూపాలపల్లి వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడు. నేను మానుకోటలో ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పాను. రష్యా, చైనా ఎందుకు చెడాయో పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పేదాన్ని, పరీక్షలో మార్కులు కూడా వచ్చేవి. నాకు మాత్రం అది ఎన్నడూ అర్థం కాలేదు. ఇప్పటివాళ్ళు దేశాల పేరు చెప్పి కొట్లాడుకుంటారే గాని, ఆ దేశాల కోసం జైలుకు పోరు, కరువులో వడ్లు వదులుకోరు. అది మంచిదేననుకుంటాను. అనుకుంటూనే, మన ఊరి బాధే లోకం బాధని, లోకం బాధే మన ఊరిదని నమ్మిన ఆ ఇద్దరు పిచ్చివాళ్ళు గుర్తొచ్చి, వాళ్ళను తప్పుపట్టాలో, వాళ్ళ కోసం ఏడవాలో తేలక అట్లాగే కూర్చుండిపోతాను.

నాయిన మంచం పట్టిన రోజుల్లో, రష్యా అప్పటికే ముక్కలైపోయింది, ఒకసారి అడిగాను, ఇంతకూ మీ ఇద్దరిలో ఎవరిది రైటని. ఆయన పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

“మా అవ్వనడిగితె చెప్తుండె బిడ్డా. మేమే అడగలె.”